పేరులో ‘బెంజ్’ ఉన్నవన్నీ పారేయాలా?

ప్రశ్న: మాది సూరారం. మా ఆయన జీడిమెట్లలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో ప్రొడక్షన్ హెల్పర్. డ్యూటీ నుంచి వచ్చినప్పుడు బట్టలన్నీ పెయింట్ వాసన కొడతాయి. మొన్న మా మరిది వాట్సాప్‌లో ఒక మెసేజ్ పంపాడు. బెంజీన్ వల్ల బ్లడ్ క్యాన్సర్ వస్తుందని, పేరులో ‘బెంజ్’ అని ఉన్నవేవీ ఇంట్లో ఉంచొద్దని. వెతికితే టమాటా సాస్ మీద సోడియం బెంజోయేట్, ఇంటర్ చదివే మా పాపకి మొటిమలకని డాక్టర్ రాసిన ట్యూబు మీద బెంజాయిల్ పెరాక్సైడ్, గజ్జికి తెచ్చిన లోషన్ మీద బెంజైల్ బెంజోయేట్. పారాసిటమాల్ కూడా బెంజీన్‌తోనే చేస్తారట. పాప ట్యూబు చెత్తబుట్టలో పడేసింది. వచ్చే నెల మా ఆడపడుచు పసిబిడ్డతో వస్తోంది, బీరువాలో కలరా ఉండలు వేసి దాచిన మా పాప చిన్నప్పటి బట్టలు తీసి పెట్టాను. ఇవి కాక ఇంట్లో వేరే కెమికల్స్ లేవు, మేడ మీద మిరప మొక్కలకి పూత రావాలని పక్కింటివాళ్లు చిన్న సీసాలో పోసి ఇచ్చిన నైట్రోబెంజీన్ తప్ప. ఏవి పారేయాలి? మా ఆయన్ని ఉద్యోగం మానేయమనాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

సమాధానం: అమ్మా, మీ మరిది పంపిన మెసేజ్‌లో మొదటి మాట నిజమే. బెంజీన్ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందున్న క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది, మొదటి గ్రూపులోనే పెట్టింది. ఆ తర్వాతదంతా ఉత్త హడావిడి. మీరు భయపడి పక్కన పెట్టిన సాస్, ట్యూబు, లోషన్, మాత్రలు ఒక్కటి కూడా పారేయనక్కర్లేదు. అసలు చూసుకోవాల్సినవి మూడు ఉన్నాయి. అవి మీ భయాల లిస్టులో లేవు కానీ ఉత్తరంలో మాత్రం మామూలు విషయాల్లాగా రాసేశారు. మేడ మీది సీసా, బీరువాలో కలరా ఉండలు, మీ ఆయన బట్టల వాసన.

ముందు ఆ సీసా సంగతి చూడండి, ఇది చదవడం ఆపి అయినా సరే. పేరులో సాక్షాత్తూ బెంజీన్ అని ఉన్నా, మొక్కల మందు కదా అని మీరు వదిలేసింది ఆ ఒక్కదాన్నే. నైట్రోబెంజీన్‌ని మన దగ్గర పూత మందుగా అమ్ముతారు. మిరప, పత్తి రైతులు కొట్టేది, మిద్దెతోటలు పెరిగాక సిటీలోకి కూడా వచ్చేసింది. కంపెనీ డబ్బాలో అది 20 శాతం, కొన్నింట్లో అంతకంటే ఎక్కువే ఉంటుంది. బాదం పలుకుల్లాంటి వాసన వస్తుంది, పిల్లలకి అది చెడ్డ వాసన అనిపించదు. ఇక ‘చిన్న సీసాలో పోసి ఇచ్చారు’ అన్నారు చూడండి, నన్ను భయపెట్టింది ఆ మాటే. అది నీళ్ల సీసానో, కూల్‌డ్రింక్ సీసానో, దగ్గు మందు సీసానో అయ్యుంటుంది. పైన లేబుల్ ఉండదు, లోపల ఏముందో మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

అది కడుపులోకి వెళ్తే జరిగేది క్యాన్సర్ కాదు, అంతకాలం ఆగదు కూడా. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉంటుంది కదా, నైట్రోబెంజీన్ శరీరంలో మార్పు చెంది ఆ ఇనుముని ఆక్సీకరించేస్తుంది, అప్పుడది ఆక్సిజన్‌ని పట్టుకోలేదు. పెదవులు, గోళ్లు నీలంగా మారతాయి, రక్తం తీస్తే చాక్లెట్ రంగులో కనిపిస్తుంది. వేలికి పెట్టే ఆక్సీమీటరు 85 దగ్గర ఆగిపోతుంది, ఆక్సిజన్ పెట్టినా అక్కడినుంచి పెద్దగా కదలదు. తాగిన వెంటనే ఏమీ కనిపించకపోవచ్చు, కొన్ని గంటల తర్వాత బయటపడొచ్చు. అందుకే ‘బాగానే ఉన్నాడు కదా’ అని ఇంట్లో కూర్చోకూడదు. మిథిలీన్ బ్లూ అనే నీలం ఇంజెక్షన్ దీనికి విరుగుడు, పెద్దాసుపత్రుల్లో దొరుకుతుంది. కానీ తాగింది ఏమిటో డాక్టరుకి తెలిస్తేనే అది త్వరగా అందుతుంది. పొరపాటున ఎప్పుడైనా అలాంటిది జరిగితే వాంతి చేయించకుండా 108కి ఫోన్ చేసి, సీసాని కూడా వెంట పట్టుకెళ్లండి. చర్మంలోంచి కూడా ఎక్కుతుంది కాబట్టి వట్టి చేతులతో కలపడం, స్ప్రే చేయడం వద్దు.

మీరు చేయాల్సిందల్లా మూత బిగించి, పైన పెద్ద అక్షరాలతో పేరు రాసి, ఇచ్చినవాళ్లకే తిరిగి ఇచ్చేయడం. సింకులో గానీ మోరీలో గానీ పోయొద్దు. పసిబిడ్డ వచ్చే ఇంట్లో నాలుగు మిరపకాయలు తక్కువ కాస్తే ఏం పోయింది?

ఇక బీరువా. కలరా ఉండలంటే నాఫ్తలీన్, రెండు బెంజీన్ వలయాలు ఒకదానికొకటి అతుక్కున్న పదార్థం. ఆ ఉండలు రోజురోజుకీ చిన్నవైపోతుంటాయి కదా, ఆ తగ్గినదంతా ఆవిరై బట్టల్లోకి, గాల్లోకి వెళ్లిందన్నమాట. పెద్దవాళ్లకి తలనొప్పితో పోతుంది. పసిబిడ్డ విషయం వేరు. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లలు మన దేశంలో బాగానే ఉన్నారు, చాలామంది తల్లిదండ్రులకి ఆ సంగతే తెలియదు. అలాంటి బిడ్డకి ఈ ఉండల మధ్య దాచిన బట్టలు తొడిగినా, దుప్పట్లో చుట్టినా ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు ముదిరిపోవచ్చు, మెదడుకి దెబ్బ తగిలే దాకా వెళ్లొచ్చు. నాఫ్తలీన్ నూనెలో బాగా కరుగుతుంది, మనమేమో బిడ్డకి ఒళ్లంతా నూనె రాసి మర్దన చేసి అవే బట్టల్లో చుడతాం. యూరప్‌లో 2008లోనే ఈ ఉండల అమ్మకం ఆపేశారు, మన దగ్గర మాత్రం వాష్‌బేసిన్‌లో కూడా వేసుకుంటున్నాం.

తీసి పెట్టిన ఆ పసిబట్టలు వాడకండి, కొత్తవి నాలుగు జతలు కొనండి. సెంటిమెంటు అనుకుంటే చాలాసార్లు ఉతికి, చాలారోజులు ఎండలో వేసి, వాసన అస్సలు రాదనుకున్నాక చూద్దాం. నన్నడిగితే అప్పుడూ వద్దనే అంటాను. ఉన్న ఉండలన్నీ ఏరి పారేసి, బీరువా తలుపులు కొన్నాళ్లు బార్లా తెరిచి ఉంచండి. పురుగు పట్టకుండా ఎండు వేపాకు చాలు. బిడ్డకి స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేసే అలవాటు మీ ఇంట్లో ఉంటే ఈసారికి అది కూడా మానుకోండి, మీ అత్తగారు ఒప్పుకోకపోతే డాక్టరు వద్దన్నాడని చెప్పండి. ఆ పొగలో కొద్దిగా బెంజీన్ ఉంటుంది, దానికంటే ముందు ఆ పొగే పసి ఊపిరితిత్తులకి పడదు. తమాషా ఏమిటంటే సాంబ్రాణిలో సహజంగానే బెంజోయిక్ ఆమ్లం ఉంటుంది, మీ సాస్ సీసా మీద ఉన్న బెంజోయేట్ ఆ ఆమ్లపు లవణమే. 1833లో మిట్షర్లిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఆ ఆమ్లాన్ని సున్నంతో కలిపి వేడిచేసి బెంజీన్ తీశాడు. అంతకు ముందే 1825లో లండన్‌లో ఫారడే దీపాల గ్యాసు తయారుచేయగా మిగిలిన నూనెలోంచి దాన్ని వేరుచేశాడు.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన అన్నదమ్ముల పిల్లలందరి బుద్ధులూ ఒకటి కావు కదా, ఈ బెంజీన్ కుటుంబం కూడా అంతే. ఆరు కార్బన్ల వలయం అందరిలోనూ ఉంటుంది. దాని మీద ఏం తగిలించారన్నదాన్ని బట్టి అది మందా, రంగా, విషమా అన్నది తేలుతుంది. మనం తినే పప్పులో ఉండే ఫినైలాలనీన్‌లోనూ ఆ వలయం ఉంది, దాన్ని ఇంట్లోంచి తీసేయాలంటే కందిపప్పు కూడా పారేయాలి.

బెంజీన్‌కీ, పెయింట్ థిన్నర్లలో వాడే టోలీన్‌కీ ఉన్న తేడా చూస్తే ఇది బాగా అర్థమవుతుంది, మీ ఆయన సంగతి తేల్చడానికి కూడా అదే కావాలి. టోలీన్ అంటే అదే వలయానికి పక్కన ఒక మిథైల్ సమూహం (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు ఉన్న ముక్క), అంతే. అది ఒంట్లోకి వెళ్తే కాలేయం ఆ మిథైల్ సమూహాన్నే ఆక్సీకరించి బెంజోయిక్ ఆమ్లం చేస్తుంది, దానికి గ్లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని జోడించి హిప్యూరిక్ ఆమ్లంగా మూత్రంలో బయటికి పంపేస్తుంది. వట్టి బెంజీన్‌కి పక్కన ఏమీ లేదు. కాలేయం వలయాన్నే ఆక్సీకరించాల్సి వస్తుంది, అందులోంచి ఫినాల్, హైడ్రోక్వినోన్ లాంటివి పుట్టి ఎముక మూలుగలోకి చేరి అక్కడ క్వినోన్లుగా మారి, రక్తకణాలు తయారయ్యే చోటే నాశనం మొదలుపెడతాయి. రక్తహీనత, ప్లేట్‌లెట్లు పడిపోవడం, ఆఖరికి ల్యుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్ అందుకే. టోలీన్ అంత మంచిదేమీ కాదు, ఎక్కువ పీలిస్తే తల తిరుగుతుంది, ఏళ్ల తరబడి పీలిస్తే నరాలు, వినికిడి దెబ్బతింటాయి. కానీ బెంజీన్‌లా మూలుగ మీద పడదు.

పైన చెప్పిన దారిలో మధ్యలో బెంజోయిక్ ఆమ్లం వచ్చింది కదా, మీ సాస్‌లో ఉన్న సోడియం బెంజోయేట్ కూడా సరిగ్గా అదే దారిన మూత్రంలోకి పోతుంది. పుట్టుకతోనే రక్తంలో అమోనియా పెరిగిపోయే జబ్బున్న పిల్లలకి ఈ బెంజోయేట్‌నే మందుగా కూడా ఇస్తారు, గ్లైసిన్‌ని పట్టుకుపోతూ దాంతోపాటు నైట్రోజన్‌ని కూడా బయటికి లాగేస్తుందని. ఒక్క జాగ్రత్త ఉంది. బెంజోయేట్, విటమిన్ సి రెండూ కలిసి ఉన్న డ్రింకు ఎండలో, వేడిలో ఉంటే అందులో కొద్దిగా బెంజీన్ పుడుతుంది. అది వంద కోట్లలో కొన్ని వంతుల లెక్క, 1990ల నుంచే కంపెనీలకి తెలిసిన సంగతి, చాలావరకు సరిదిద్దుకున్నారు. అయినా మే నెలలో కిరాణా కొట్టు బయట ఎండలో పేర్చిన సీసా కొనకపోవడమే మేలు.

పాప ట్యూబు గురించి కూడా ఇలాంటి గొడవే ఒకటి జరిగింది. 2024లో అమెరికాలో ఒక ప్రైవేటు ల్యాబు, బెంజాయిల్ పెరాక్సైడ్ వేడికి విడిపోయి బెంజీన్ అవుతోందని ఫిర్యాదు చేసింది. అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 95 రకాలు పరీక్షించి 2025లో ఫలితం చెప్పింది, నూటికి 90కి పైగా వాటిలో బెంజీన్ అసలు లేదు, లేదా లెక్కలోకి రానంత తక్కువ. మిగిలిన కొద్దిపాటివి మార్కెట్ నుంచి వెనక్కి తీయించారు. కాబట్టి పాపకి కొత్త ట్యూబు కొనివ్వండి. గీజరు పక్కనా కిటికీ ఎండలోనా పెట్టకుండా చల్లటి చోట ఉంచమనండి, డేటు అయిపోతే పారేయమనండి. రాత్రి రాసుకుంటే పాత దిండుగలీబు వాడమనండి, రంగు బట్టల మీద తెల్ల మచ్చలు పడతాయి. పాప గురించి నాకున్న దిగులు అదొక్కటే.

గజ్జి లోషన్ మండుతుంది కానీ పనిచేస్తుంది, ఒక్కరికే కాకుండా డాక్టరు చెప్పినట్టు ఇంటిల్లిపాదీ ఒకేసారి రాసుకోవాలి. పసిబిడ్డకి మాత్రం అడక్కుండా రాయొద్దు. అలాగే పళ్లు వచ్చేటప్పుడు చిగుళ్లకి రాసే బెంజోకేన్ జెల్లు రెండేళ్లలోపు పిల్లలకి అసలు వద్దు, అది కూడా నైట్రోబెంజీన్ చేసే ఆ నీలం పెదవుల పనే చేయగలదు.

పారాసిటమాల్ మూలం వెతుక్కుంటూ వెనక్కి పోతే బెంజీన్ తగిలే మాట నిజమే. ఆస్పిరిన్‌దీ అదే కథ, చాలా రంగులదీ అదే. కానీ మాత్రలో ఉన్నది బెంజీన్ కాదు. నేను చాలా ఏళ్లు బల్క్ డ్రగ్ కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్‌లో చేసినవాణ్ని, ఇది ఎలా చూస్తామో చెప్తాను. మందు పొడిని ఒక చిన్న గాజు వయల్‌లో కరిగించి, మూత బిగించి వేడిచేసి, పైన చేరిన ఆవిరిని గ్యాస్ క్రోమటోగ్రాఫ్ అనే, ఆవిరిలో ఏమేం ఉన్నాయో విడదీసి చూపే యంత్రంలోకి పంపిస్తాం. స్క్రీన్ మీద ఒక్కో సాల్వెంటుకి, అంటే తయారీలో కరిగించడానికి వాడగా మందులో మిగిలిపోయిన ద్రవానికి, ఒక్కో శిఖరం లేస్తుంది. అంతర్జాతీయ నియమాల ప్రకారం మందులో టోలీన్ 890 పీపీఎం (అంటే పది లక్షల్లో 890 వంతులు) దాకా ఉండొచ్చు, బెంజీన్ మాత్రం 2 పీపీఎం దాటకూడదు. ఈ తేడా చాలు, పరిశ్రమ దేనికి ఎంత భయపడుతుందో చెప్పడానికి. పారాసిటమాల్‌తో అసలు ప్రమాదం మోతాదు మించితే కాలేయానికి. పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు, జలుబు మాత్రల్లో కూడా అదే ఉంటుందని మర్చిపోయి రెండూ వేసుకునేవాళ్లే ఎక్కువ.

ఇప్పుడు మీ ఆయన. దీనికి నేను తేలిగ్గా ‘ఏం కాదులే’ అనను. 1960ల్లో బాలానగర్‌లో ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల కంపెనీ వచ్చాక అక్కడ పని నేర్చుకున్నవాళ్లే తర్వాత సొంత కంపెనీలు పెట్టుకున్నారు, డాక్టర్ రెడ్డీస్ అంజిరెడ్డి గారు కూడా అక్కడ చేసినవారే. ఆ వరసలో జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం దాకా పాకిన ఈ పరిశ్రమ లక్షల మందికి అన్నం పెట్టింది. మంచి ప్లాంట్లు ఉన్నాయి, మూసిన పైపుల్లో సాల్వెంట్ వెళ్లేవి. డ్రమ్ము మూత తీసి రియాక్టరు (మందు తయారయ్యే పెద్ద పాత్ర) మ్యాన్‌హోల్లోకి చేత్తో వంచి పోయించేవీ ఉన్నాయి. మీ ఆయన ఏ రకం చోట చేస్తున్నారన్నదే అసలు ప్రశ్న, ఉద్యోగం మానడం మానకపోవడం ఆ తర్వాత సంగతి.

పెయింట్ వాసన అన్నారు కాబట్టి అది టోలీనో, దానికి దగ్గరి చుట్టమైన జైలీనో అయ్యుంటుందని నా అంచనా. అంచనా మీద ఒంటిని నడపలేం కదా, ఆయన్ని డ్రమ్ము లేబుల్ చూడమనండి. ప్రతి రసాయనానికీ క్యాస్ నంబర్ అని ఒకటుంటుంది, ఇంగ్లీషు పేర్లు తెలియకపోయినా అంకెలు చదవొచ్చు. 108-88-3 అయితే టోలీన్. 1330-20-7 అయితే జైలీన్. 71-43-2 కనిపిస్తే అది బెంజీన్, ఆ రోజే సేఫ్టీ ఆఫీసరుని గట్టిగా అడగాల్సిందే. నంబరే లేని డ్రమ్ములు, అంటే బయటినుంచి కొన్న రికవరీ సాల్వెంట్ (ఒకసారి వాడినదాన్ని శుద్ధి చేసి మళ్లీ అమ్మేది), వాటితో ఇంకా చిక్కు. నాసిరకం టోలీన్‌లో కొంత బెంజీన్ కలిసి ఉండొచ్చు. వాసన రాలేదు కాబట్టి లేదనుకోవడానికీ లేదు, అమెరికా నియమం ప్రకారం పని గంటల్లో బెంజీన్ హద్దు 1 పీపీఎం, మామూలు ముక్కుకి అది తెలిసేసరికే హద్దు దాటిపోయి ఉంటుంది.

ఆయన్ని ఇంకో మాట అడగండి, చేతులు దేనితో కడుక్కుంటున్నారని. చాలామంది హెల్పర్లు జిడ్డు పోవాలని టోలీన్‌తోనో థిన్నర్‌తోనో చేతులు కడుగుతారు, సీనియర్లు చేస్తే చూసి నేర్చుకుంటారు. చర్మంలోంచి నేరుగా లోపలికి పోయే దారి అది. సబ్బు, నీళ్లు, అంతకు మించి ఏదీ వద్దు. మూతికి కట్టుకునే గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు ఆవిరిని ఆపవు, దుమ్ముని ఆపుతాయి. ఆవిరికి యాక్టివేటెడ్ కార్బన్ క్యాట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి, ఆ క్యాట్రిడ్జ్‌ని కూడా ఎప్పటికప్పుడు మార్చాలి, మూడు నెలలుగా అదే వాడుతుంటే లేనట్టే. బట్టలు ప్లాంటులోనే మార్చుకుని, స్నానం చేసి, వేరే బట్టల్లో ఇంటికి రమ్మనండి. డ్యూటీ బట్టలు విడిగా ఉతకండి, బిడ్డ ఉన్నన్నాళ్లూ ఆ సంచి ఇంటి లోపలికే రాకూడదు.

సిగరెట్ తాగుతారో లేదో మీరు రాయలేదు. తాగితే మాత్రం ముందు అది ఆపించండి, పొగతాగేవాళ్ల ఒంట్లోకి వెళ్లే బెంజీన్‌లో ఎక్కువ భాగం సిగరెట్‌దే.

పరీక్ష విషయానికొస్తే సీబీసీ అనే మామూలు రక్తపరీక్ష చాలు మొదలుపెట్టడానికి. హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ చూడాలి. ఒక్క రిపోర్టు బాగుందని ఊరుకోవద్దు, పాతవాటితో పోల్చి చూడాలి. తెల్లకణాలు ప్రతిసారీ కొంచెం కొంచెం తగ్గుతుంటే, రిపోర్టులో నార్మల్ అని ఉన్నా సరే డాక్టరుకి చూపించండి. ఊరికే అలసట, చిగుళ్లలో రక్తం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, మాటిమాటికీ జ్వరం ఉంటే ఆలస్యం చేయకండి. ఈఎస్‌ఐ కార్డు ఉంటే సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రికి వెళ్లి, ‘నేను ఫలానా సాల్వెంట్‌తో పనిచేస్తాను’ అని నోటితో చెప్పి ఓపీ చీటీ మీద రాయించుకోమనండి. మనవాళ్లు జ్వరం అని చెప్పి మాత్రలు తెచ్చుకుని వచ్చేస్తారు, చేసే పని ఏమిటో చెప్పరు. బెంజీన్ వల్ల వచ్చే జబ్బుని వృత్తి వ్యాధుల్లో ఒకటిగా 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు, పరిహారం దాకా వెళ్లాల్సి వస్తే ఆ చీటీయే ఆధారం. కంపెనీ చేయించే వార్షిక పరీక్షల రిపోర్టు కాపీ అడగడం కూడా ఆయన హక్కే. హెచ్ఆర్ వాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

డ్రమ్ములో ఉన్నది బెంజీనే అయ్యి, చేత్తోనే పోయిస్తూ, అడిగితే ‘నీకెందుకు’ అనే చోటైతే మానేయమనే చెప్తాను, జీడిమెట్లలో అదొక్కటే గేటు కాదు, ప్రొడక్షన్ తెలిసిన మనిషికి పక్క గేటులో పని దొరుకుతుంది. టోలీన్, జైలీన్ అయ్యి, మాస్కు, గాలి, బట్టలు మార్చుకునే గది ఉన్న చోటైతే జాగ్రత్తలతో చేసుకోవచ్చు. డ్రమ్ము మీది నంబరూ, రక్తపరీక్ష రిపోర్టులో ఆ మూడు అంకెలూ దొరికాక మళ్లీ రాయండి, అప్పుడు ఇంకాస్త కచ్చితంగా చెప్తాను. కంపెనీ పేరు రాయకండి, నాకు అక్కర్లేదు. పాత రిపోర్టులు ఏవైనా ఉంటే వాటి తేదీలు మాత్రం తప్పకుండా రాయండి.